పిల్లల దిగులు చెరువు కట్ట మీద విందాం

తెలుగులో 'దిగులు' అంటే విచారం, బెంగ. కన్నడంలో దాదాపు అదే పలుకుతో వినిపించే 'దిగిలు' అంటే భయం, హడలు. బాగేపల్లి తాలూకాలో ఎనిమిదో తరగతి పిల్లవాడు 'దిగులుగా ఉంది మేడం' అన్నాడనుకుందాం. కన్నడం మాత్రమే తెలిసిన మేడం ఎంత మంచి మనసుతో విన్నా, 'ఎవరిని చూసి భయం? ఎవరైనా కొట్టారా?' అనే అడుగుతుంది. వాడు ఎవరికీ భయపడలేదు. నాన్న బెంగళూరుకు కూలికి పోయి మూడు నెలలైంది, ఇంట్లో అమ్మ సరిగ్గా మాట్లాడటం మానేసింది. అడిగిన ప్రశ్నకు తన దగ్గర జవాబు లేదు గనుక 'ఏం లేదు మేడం' అని వాడు లేచిపోతాడు. రిజిస్టరులో సమస్య ఏమీ లేదని నమోదవుతుంది.

'బేజారు' సంగతీ ఇంతే. మన సరిహద్దు తెలుగులో ఆ కన్నడ మాట ఎప్పుడో కలిసిపోయింది. లెక్కల పీరియడ్ విసుగ్గా ఉన్నా బేజారే, స్నేహితురాలు మాట్లాడకపోయినా బేజారే, బతుకు మీద విరక్తి పుట్టినా బేజారే. 'బేజారయితాంది సార్' అన్న పిల్ల మాటలో ఉన్నది ఏ బేజారో పట్టుకోవాలంటే, ఆ పిల్ల పెరిగిన ఇంటి తెలుగు వినేవారికి తెలిసి ఉండాలి. తొందరపెట్టకుండా ఆ పిల్లను మాట్లాడనిచ్చే చోటూ ఉండాలి.

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో తెలుగు పిల్లలు చదివే బడుల్లో ఈ రెండింటికీ కరువే. భాష కరువు తీరాలంటే ప్రభుత్వం కదలాలి. చోటు కరువు మాత్రం మన బడి గేటు దాటితే తీరుతుంది. పిల్లలతో కౌన్సెలింగ్ గదిలో కుర్చీలు ఎదురెదురుగా వేసి కాకుండా, ఆరుబయట, పక్కపక్కన నడుస్తూ, తెలుగులో జరగాలని మేము కోరుతున్నాం. ఎందుకో, ఎలాగో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఇక్కడ చెబుతాం.

ఇప్పుడే ఎందుకు?

జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ ఏడాది మొత్తం ఆత్మహత్యల్లో ఇది 7.6 శాతం. అంటే రోజుకు 35 మందికి పైగా. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని అంచనా వేసింది. ఆ అంకె మన బడులకు అచ్చంగా అలాగే సరిపోతుందని చెప్పలేం. సరిపోతే మాత్రం 200 మంది చదివే ఉన్నత పాఠశాలలో అలాంటి పిల్లలు 14, 15 మంది ఉంటారు. వాళ్లలో ఎందరి పేర్లు మనకు తెలుసో ప్రతి టీచరూ ఒకసారి లెక్క వేసుకోవాలి.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ 2023 జులైలో చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో, ఆమె తండ్రి అప్పీలు మీద 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పులోనే దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు జారీ చేసింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. అంతకన్నా తక్కువ మంది ఉంటే, బయటి నిపుణుల దగ్గరికి పంపే ఏర్పాటు అధికారికంగా ఉండాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు తరగతుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో కనిపించాలి.

మన తెలుగు బడులు చాలా వరకు చిన్నవి. 100 మంది లేని బడికి కౌన్సెలరు రాడు, 'బయటి నిపుణుల ఏర్పాటు' మిగులుతుంది. ఆ ఏర్పాటు కాగితం మీద ఉంటుందా, పిల్లల దాకా వస్తుందా అన్నది ఇప్పుడే తేలాలి. కౌన్సెలింగ్ ఎలా జరగాలో చెప్పడానికి తగిన సమయం కూడా ఇదే. ఒకసారి గది, టేబులు, రిజిస్టరు పద్ధతి అలవాటైపోతే తర్వాత మార్చడం కష్టం.

టేబులుకు అటూ ఇటూ

ముందు కౌన్సెలింగ్ అన్న మాటనే చూద్దాం. మన పిల్లల చెవిన ఆ మాట రెండు చోట్ల పడింది. ఒకటి, కాలేజీ సీట్ల కౌన్సెలింగ్. రెండోది, పోలీస్ స్టేషన్ కౌన్సెలింగ్. 'రౌడీ షీటర్లకు కౌన్సెలింగ్ ఇచ్చిన సీఐ' అన్న వార్త చదవని ఇల్లు లేదు. అందువల్ల 'నీకు కౌన్సెలింగ్ ఉంది, హెడ్మాస్టరు రూముకు రా' అంటే పిల్లవాడికి అర్థమయ్యేది ఒక్కటే: నేనేదో తప్పు చేశాను. వాడి వెనక తరగతి మొత్తం అదే అనుకుంటుంది. వాడు తిరిగి వచ్చేసరికి వాడికో పేరు పడి ఉంటుంది.

ఇక ఆ గది. హెడ్మాస్టరు గదిలో టేబులుకు అటువైపు కూర్చున్న పెద్దలు పిల్లవాడికి మూడు సందర్భాల్లోనే కనిపిస్తారు: మార్కులు తగ్గినప్పుడు, ఫీజు కట్టనప్పుడు, ఫిర్యాదు వచ్చినప్పుడు. ఆ చోట, ఆ కుర్చీలో కూర్చుని ఇంటి గుట్టు చెప్పమంటే ఏ పిల్ల చెబుతుంది? పైగా చాలా బడుల్లో ఆ గదే స్టాఫ్ రూము, రికార్డుల బీరువా కూడా అక్కడే. వేరే గది ఉన్నా కిటికీ అవతల ఎవరో ఒకరు ఉంటారు. చిన్న బడిలో గోడల చాటున చెప్పిన మాట కూడా సాయంత్రానికి ఊరికి తెలుస్తుంది.

నడకలో ఇవేవీ ఉండవు. ఇద్దరూ ఒకే వైపు చూస్తారు. పిల్లవాడు మన కళ్లలోకి చూడనక్కర్లేదు. తల దించుకుని రాయి తన్నుకుంటూ నడవవచ్చు. గదిలో రెండు నిమిషాల మౌనం శిక్షలా ఉంటుంది. నడకలో అది మామూలు సంగతి. మాట దొరకనప్పుడు దారి పక్కన ఏదో ఒకటి కనిపిస్తుంది. కొంగ వాలుతుంది, గొర్రెల మంద అడ్డొస్తుంది. దాని గురించి నాలుగు మాటలయ్యాక అసలు మాట వస్తుంది. ఇంట్లోవాళ్లు కూడా పొలం గట్టు మీదో, సంతకు పోయే దారిలోనో, బోరు దగ్గరికి నడుస్తూనో పిల్లలతో మనసు విప్పి మాట్లాడటం మన పల్లెల్లో అందరూ ఎరిగిందే. ఎదురుగా కూర్చోబెట్టి 'ఇప్పుడు చెప్పు' అనడం మన ఇళ్లలో మందలింపుకు గుర్తు.

కాబట్టి మొదటి సూచన: దీని పేరు కౌన్సెలింగ్ అని పిల్లల ముందు అనవద్దు. 'నడక' అంటే చాలు. శనివారం నడక అని టైంటేబులులో రాసుకోవచ్చు. ఆ నడకకు అందరు పిల్లలూ వంతుల వారీగా వెళ్లాలి. బాగా చదివేవాడూ వెళ్తాడు, అల్లరివాడూ వెళ్తాడు, మూగగా ఉండే పిల్లా వెళ్తుంది. అప్పుడు ఎవరిని ఎందుకు పిలిచారన్న గుసగుస ఉండదు. సాయం కావలసిన పిల్లలను ఆ వంతుల్లోనే గుర్తిస్తాం.

మన నేలకు ఇది కొత్త కాదు

నంది కొండల చుట్టూ ఉన్న ఈ నేలలో బడి గేటు బయట నడవడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు. చిక్కబళ్లాపురం దగ్గరి కొండల్లో పుట్టిన చిత్రావతి బాగేపల్లి మీదుగా ఆంధ్రలోకి పోయి పెన్నలో కలుస్తుంది. ఏటిలో నీళ్లు లేని రోజులే ఎక్కువైనా, ఒడ్డున కానుగ చెట్ల నీడ ఉంటుంది. ప్రతి రెండు మూడు ఊళ్లకు ఒక చెరువు, ఆ చెరువుకు ఒక కట్ట ఉన్నాయి. చింతామణి వైపు టమాటా తోటల గట్లు, చిక్కబళ్లాపురం వైపు ద్రాక్ష పందిళ్ల పక్క దారులు, ఎటు చూసినా మల్బరీ తోటలు, రాగి చేలు, రాతి గుట్టలు. ఊరి చివర చింతచెట్టు లేని పల్లె అరుదు. ఇందుకు పార్కు అవసరం లేదు, ప్రాజెక్టు అవసరం లేదు, బిల్లు పెట్టే పనే లేదు.

చింతామణి తాలూకాలోని కైవారం పేరు చెబితే తాతయ్య గుర్తొస్తారు. యోగి నారేయణ గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగి గాజులు అమ్మినవారని, ఆ తర్వాతే కొండ గుహలో తపస్సుకు కూర్చున్నారని భక్తులు చెబుతారు. ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పారు. గాజులమ్మే మనిషికి ఇంటి అరుగు దగ్గర ఆడవాళ్లు చెప్పుకునే కష్టాలు ఎన్ని తెలిసి ఉంటాయో ఊహించవచ్చు. నడిచే మనిషి దగ్గర, తమ మాట మాట్లాడే మనిషి దగ్గర జనం మనసు విప్పుతారు. ఈ సంగతి మన తాలూకాలకు వేరే దేశం నుంచి రానక్కర్లేదు.

లోకం ఏం తెలుసుకుంది?

అయినా శాస్త్రం ఏమంటుందో చూడటం మంచిదే. 1970ల్లో అమెరికాలోని శాన్‌డియాగోలో థాడియస్ కోస్ట్రుబాలా అనే మానసిక వైద్యుడు తన దగ్గరికి వచ్చేవారితో కలిసి పరుగెత్తుతూ వైద్యం చేశాడు. పరుగు గురించి 1976లో పుస్తకం కూడా రాశాడు. నడుస్తూ మాట్లాడే పద్ధతి ఆ తర్వాత పలు దేశాల్లో కౌన్సెలర్లకు అలవాటైంది.

2015లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ బ్రాట్‌మన్ బృందం 38 మంది ఆరోగ్యవంతులను రెండు జట్లు చేసి 90 నిమిషాలు నడిపించింది. ఒక జట్టు చెట్లూ గడ్డీ ఉన్న చోట నడిచింది, రెండో జట్టు వాహనాల రద్దీ ఉన్న రోడ్డు పక్కన నడిచింది. చెట్ల మధ్య నడిచినవారిలో తమ గురించిన చేదు ఆలోచనలను మళ్లీ మళ్లీ తిరగేసుకోవడం తగ్గింది. అలాంటి ఆలోచనలతో సంబంధమున్న మెదడు భాగంలోనూ ఆ మేరకు తేడా కనిపించింది. రోడ్డు పక్కన నడిచినవారిలో ఆ మార్పు లేదు. ఇది చిన్న పరిశోధన, అది కూడా పెద్దవాళ్ల మీద జరిగింది. దీన్ని చూపించి నడకే మందు అనడం తప్పు. అయితే జాతీయ రహదారి పక్క కంటే చెరువు కట్ట మేలని చెప్పడానికి ఇది చాలు.

మనకు ఇంకా దగ్గరి పాఠం జింబాబ్వే నుంచి వస్తుంది. మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మాత్రమే ఉన్న ఆ దేశంలో, 2006లో డిక్సన్ చిబాండా అనే వైద్యుడు హరారేలో 'స్నేహపు బెంచీ' పద్ధతి మొదలుపెట్టాడు. ఆరోగ్య కేంద్రం బయట చెట్టు నీడన చెక్క బెంచీ వేసి, శిక్షణ ఇచ్చిన అవ్వలను దాని మీద కూర్చోబెట్టాడు. వాళ్లు 'డిప్రెషన్' అన్న మాట వాడరు. వాళ్ల షోనా భాషలో 'కుఫుంగిసిసా' అంటారు, అంటే అతిగా ఆలోచించడం. మామూలు సేవలు పొందినవారి కంటే బెంచీ దగ్గరికి వచ్చినవారిలో ఆరు నెలల తర్వాత బాధ లక్షణాలు తక్కువగా ఉన్నాయని 2016లో అమెరికా వైద్య సంఘం పత్రిక ప్రచురించింది. సొంత భాష, ఆరుబయట చోటు, శిక్షణ, పైనుంచి నిపుణుల పర్యవేక్షణ అనే నాలుగూ అక్కడ కలిశాయి. మన దగ్గర మొదటి రెండూ అందుబాటులోనే ఉన్నాయి. చివరి రెండూ సంపాదించుకోవాలి.

కట్టుబాట్లు లేకపోతే వద్దు

ఆరుబయట నడక అనగానే తల్లిదండ్రులకు వచ్చే సందేహాలు న్యాయమైనవే. వాటికి ముందే జవాబు లేకపోతే ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు.

మొదటిది ఆడపిల్లల సంగతి. ఆడపిల్లలతో నడిచేది మహిళా టీచరో, మహిళా కౌన్సెలరో అయి ఉండాలి. మగపిల్లలతోనైనా, ఆడపిల్లలతోనైనా దారి అందరికీ కనిపించేదిగా ఉండాలి, మాట మాత్రం వినిపించకూడదు. చెరువు కట్ట ఇందుకు సరిగ్గా సరిపోతుంది. ఊరు మొత్తానికి కనిపిస్తుంది, 30 అడుగుల దూరంలో ఉన్నవారికి కూడా మాట అందదు. పొదల చాటు, కొండ వెనక, పాడుబడ్డ కోట లోపల ఎప్పుడూ వద్దు. పిల్ల కోరితే స్నేహితురాలు కొంత దూరంలో వెనక రావచ్చు. ఎవరు, ఎవరితో, ఎన్ని గంటలకు బయలుదేరారు, ఎప్పుడు తిరిగి వచ్చారు అన్నది బడి పుస్తకంలో రాయాలి. ఏం మాట్లాడుకున్నారన్నది అందులో రాయకూడదు.

రెండోది నీళ్లు. బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్లను మన జిల్లా చెరువులకు తెచ్చే పథకం వచ్చాక కొన్ని చెరువుల్లో వేసవిలోనూ నీళ్లుంటున్నాయి. పొలాల్లో తవ్విన కృషి హొండలు ఎంత లోతో పైకి తెలియదు. నడక కట్ట మీదే ఉండాలి, నీటి అంచుకు దిగకూడదు. ముఖ్యంగా చావు గురించి మాట్లాడుతున్న పిల్లను, తనను తాను గాయపరచుకున్న పిల్లను చెరువు దగ్గరికో, గుట్ట మీదికో తీసుకుపోకూడదు. అలాంటి పిల్లతో బడి ఆవరణలోనే వేపచెట్టు కింద కూర్చోవాలి, ఒంటరిగా వదలకూడదు, అదే రోజు ఇంట్లోవారికీ వైద్యులకూ కబురు చేయాలి. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని నేరుగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ. మెల్లగా, సూటిగా అడగడమే మంచిదని నిపుణులు చెబుతారు.

మూడోది రహస్యం. కట్ట మీద పోతుంటే ఎవరో ఒకరు ఎదురవుతారు. 'యాడికి సార్, పిల్లోడు ఏం చేసినాడు?' అని అడుగుతారు. అందుకు ఏం చెప్పాలో బయలుదేరే ముందే పిల్లవాడితో మాట్లాడుకోవాలి. 'ఈ రోజు వీళ్ల వంతు, నడకకు పోతున్నాం' అంటే సరిపోతుంది. ఎవరైనా దగ్గరికి వస్తే మాట ఆపి చెట్ల గురించి మాట్లాడుకోవాలి. అలాగే రహస్యానికి హద్దు ఉందని మొదటి రోజే చెప్పాలి. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదు. 'ఎవరికీ చెప్పను' అని ఒట్టు వేసి తర్వాత చెబితే ఆ పిల్ల మరెవరినీ నమ్మదు. 'నీ ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప, ఎవరైనా నిన్ను బాధపెడుతుంటే తప్ప చెప్పను' అనడమే నిజాయితీ.

నాలుగోది ఇష్టం. నడక వద్దనే పిల్లలుంటారు. నడవలేని పిల్లలుంటారు. ఎండ పడనివారు, దుమ్ముకు ఆయాసం వచ్చేవారు ఉంటారు. వారితో నీడన కూర్చుని మాట్లాడాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉదయం బడి మొదలయ్యే ముందు, మిగతా రోజుల్లో సాయంత్రం నాలుగు తర్వాత నడవాలి. అరగంట చాలు. కాళ్లకు చెప్పులు, చేతిలో నీళ్ల సీసా, ఇంట్లోవారి సంతకం తప్పనిసరి. ముళ్లూ పాములూ ఉన్న దారి అయితే టీచరు ముందుగా ఒకసారి తిరిగి చూసి రావాలి.

అయిదోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. టీచరు కౌన్సెలరు కాదు. శిక్షణ పొందిన టీచరు నడుస్తూ వింటారు, గమనిస్తారు, అవసరమైతే నిపుణుల దగ్గరికి చేరుస్తారు. నిద్ర పట్టని పిల్లలకు, గుండె దడతో బడి మానేసే పిల్లలకు, ఎవరికీ వినిపించని మాటలు తమకు వినిపిస్తున్నాయనే పిల్లలకు వైద్యమే కావాలి. చెరువు గాలి ఆస్పత్రికి బదులు కాలేదు.

భాష సంగతి దాటవేయకూడదు

ఆరుబయటికి తీసుకుపోయినా పిల్లవాడి మాట అర్థం కాకపోతే నడక వ్యాయామంగానే మిగులుతుంది. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. మేము అడుగుతున్నది కన్నడానికి పోటీగా కాదు. ఈ రాష్ట్రంలో పెరిగే పిల్లలు కన్నడం బాగా నేర్చుకోవాలి, నేర్చుకుంటున్నారు కూడా. సంతలో, బస్సులో, ఆఫీసులో వాళ్లకు కన్నడం పని చేస్తుంది. కానీ ఏడుపు వచ్చినప్పుడు నోట పలికేది అమ్మ మాట. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు దాదాపు 5.8 శాతం. ఆంధ్ర సరిహద్దు వెంట ఉన్న మన తాలూకాల్లో ఆ వాటా ఎన్నో రెట్లు ఎక్కువని బస్టాండులో నిలబడి విన్నా తెలుస్తుంది. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయాలు కల్పించేందుకు ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. పాఠానికి మాతృభాష అవసరమైతే, బాధ చెప్పుకోవడానికి ఇంకెంత అవసరం?

ఈ విషయంలో కర్ణాటకకు మంచి చరిత్ర ఉంది. మానసిక వైద్యం పెద్ద నగరాల ఆస్పత్రుల్లోనే ఉండిపోకుండా పల్లెలకు చేరాలన్న ప్రయోగాన్ని 1980ల్లో నిమ్హాన్స్ చేసింది బళ్లారి జిల్లాలో. అక్కడా తెలుగు మాట్లాడే జనం ఎక్కువే. ఆ బళ్లారి నమూనా మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. 2022 అక్టోబర్ 10న ప్రారంభమైన టెలీ మానస్‌కు కూడా మార్గదర్శి నిమ్హాన్సే. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగును ఎంచుకుని మాట్లాడవచ్చు. ఇంత దగ్గరలో ఇంత అనుభవం ఉన్నప్పుడు, తెలుగు వచ్చిన ఒక్క కౌన్సెలరును తాలూకాకు పంపడం అసాధ్యం కాదు.

మేము అడుగుతున్నవి

జిల్లా విద్యాశాఖను, జిల్లా మానసిక ఆరోగ్య విభాగాన్ని మేము అడిగేవి నాలుగే. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఒక్కో దానికి తెలుగు, కన్నడం రెండూ వచ్చిన కౌన్సెలరును ఒకరిని నియమించాలి. ఆ మనిషి ఆఫీసులో కూర్చోకుండా, వారానికి ఒక క్లస్టరు చొప్పున చిన్న బడులన్నీ తిరగాలి. సుప్రీంకోర్టు చెప్పిన ఏడాదికి రెండు శిక్షణల్లో, తెలుగు బడుల టీచర్లకు ఇచ్చేది తెలుగులో ఉండాలి. అందులో దిగులు, బెంగ, గుబులు, బేజారు లాంటి మాటలు పిల్లలు ఏ అర్థంలో వాడుతున్నారో కన్నడ సహోద్యోగులకూ చెప్పాలి. 14416, బాలల హెల్ప్‌లైన్ 1098 నంబర్లున్న బోర్డులు కన్నడంతో పాటు తెలుగులోనూ ఉండాలి. నడక అరగంటను బోధనేతర పనిగా కాకుండా టీచరు పనిగంటల్లో లెక్కించాలి. ఈ నాలుగో కోరిక చిన్నదిగా కనిపించవచ్చు. అది లేకపోతే మొదటి పరీక్షల సీజన్ రాగానే నడక ఆగిపోతుంది. నిజానికి ఎస్ఎస్ఎల్‌సీ 625 మార్కుల బరువు పిల్లల మీద పడే ఆ నెలల్లోనే నడక ఎక్కువ అవసరం.

హెడ్మాస్టర్లకు, ఎస్‌డీఎంసీ సభ్యులకు, తల్లిదండ్రులకు మా మనవి వేరు. ప్రభుత్వం కౌన్సెలరును పంపేదాకా ఆగనక్కర్లేదు. వచ్చే ఎస్‌డీఎంసీ సమావేశంలో మూడు పనులు చేసుకోవచ్చు. బడికి పది నిమిషాల దూరంలో, ఊరికి కనిపించే ఒక దారిని పెద్దలంతా కలిసి ఎంచుకోవడం ఒకటి. పిల్లలు ఎవరి దగ్గర మనసు విప్పుతారో పిల్లలనే అడిగి, ఆ ఇద్దరు టీచర్లకు ఈ పని అప్పగించడం రెండోది. చాలా బడుల్లో ఆ పేరు హెడ్మాస్టరుది కాకపోవచ్చు, ఆటల మాస్టారిదో మధ్యాహ్న భోజనం వండే అక్కదో కావచ్చు. వంట అక్క పేరు చెబితే ఆమెను టీచరుతో పాటు నడకకు రమ్మనాలి. ఈ నడక ఏమిటో, ఎందుకో, పైన చెప్పిన కట్టుబాట్లేమిటో తెలుగులో ఒక పేజీ రాసి ప్రతి ఇంటికీ పంపి సంతకం తీసుకోవడం మూడోది.

ఈ మూడూ పూర్తయిన శనివారం నుంచే నడక మొదలుపెట్టవచ్చు. మొదటి నాలుగు వారాలు పిల్లలు చెట్ల గురించి, క్రికెట్ గురించి, సినిమాల గురించే మాట్లాడతారు. మాట్లాడనివ్వండి, మధ్యలో బుద్ధులు చెప్పకండి. అయిదో వారమో, పదో వారమో ఒక పిల్ల అడుగు నెమ్మదిస్తుంది, మాట తడబడుతుంది. ఆ రోజు ఆ దారిలో పక్కన నడిచే మనిషి ఉండాలని, ఆ మనిషికి తెలుగు వచ్చి ఉండాలని మా కోరిక.